అయినవాళ్ళు ఉన్నారు సరే, లెక్క ఎవరికి చెబుతున్నారు?

"అయినోలుండగా పైనోడికేటి పనండీ?"

అనకాపల్లి జిల్లా రోలుగుంట మండలంలో ఏ ఊరి అరుగు మీద కూర్చున్నా ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట చెవిన పడుతుంది. తన మంచిచెడ్డలు తాను తేల్చుకోలేని పెద్దమనిషి ఇంట్లో ఒకరుంటారు. పుట్టుకతో బుద్ధి ఎదగని నలభై ఏళ్ళ కొడుకు కావచ్చు, సెరిబ్రల్ పాల్సీతో కాళ్ళూ చేతులూ మెలితిరిగిన కూతురు కావచ్చు, పక్షవాతంతో మాట పడిపోయి మంచంపట్టిన తండ్రి కావచ్చు. వాళ్ళకు చట్టప్రకారం గార్డియన్‌గా ఉంటాను, జీతం భత్యం అక్కర్లేదు అని చుట్టం కాని మనిషెవరైనా ముందుకొస్తే అతని ముందు పెట్టే ప్రశ్న ఇది. అతను వీధి మలుపు తిరిగాక అనే మాట వేరు: "పొలం మీద కన్నేసినాడు."

ఇది పల్లెటూరి అమాయకత్వం అనుకుంటే పొరపాటు. చదువుకున్న ప్లీడర్లు, ఆఫీసుల్లో గుమాస్తాలు, పట్నంలో డాక్టర్లు కూడా ఇదే అంటారు, కాస్త మర్యాద కలిపి. ఇంత గట్టిగా పాతుకున్న అభిప్రాయానికి ఏదో బలం ఉండి తీరుతుంది. ఉంది కూడా. చాకిరీ నిజంగా చేస్తున్నది ఇంటివాళ్ళే. పక్కబట్టలు మార్చేది, నోట్లో ముద్ద పెట్టేది తల్లులు, వదినలు, మేనకోడళ్ళు. ఆశ్రమంలో పడేసినదానికన్నా ఆ ఇల్లు వందరెట్లు నయం. ఒంటరి ముసలివాళ్ళ పంచన చేరి ఆస్తి రాయించుకున్న పైవాళ్ళ కథలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి, అన్నీ కల్పనలు కావు. పైగా ఆఫీసు కాగితం ఇంట్లోకి అడుగుపెడితే అన్నదమ్ముల మధ్య మిగిలిన కాస్త మంచీ పోతుందన్న భయం ఒకటి.

మూడూ నిజాలే. ఆ మూడింటినీ కూడితే మాత్రం "కాబట్టి చుట్టాలు చాలు, చట్టం అక్కర్లేదు, పైమనిషి అసలే వద్దు" అన్న తీర్పు రాదు. ఎందుకు రాదో ఒక్కొక్కటిగా చూద్దాం.

1. పద్దెనిమిది నిండితే తల్లి కూడా పైమనిషే

ఈ వాదన మొత్తం నిలబడింది ఒక గీత మీద. గీతకు ఇటు అయినవాళ్ళు, అటు పైవాళ్ళు. ఇటువాళ్ళకు హక్కు పుట్టుకతోనే ఉంది, అటువాళ్ళకు లేదు. చట్టంలో అలాంటి గీత లేదు.

మైనర్ బిడ్డకు తల్లిదండ్రులు సహజ సంరక్షకులు. ఆ బిడ్డకు 18 ఏళ్ళు నిండిన రోజున ఆ హోదా రద్దవుతుంది. బుద్ధి మూడేళ్ళ దగ్గర ఆగిపోయినా సరే, రద్దవుతుంది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం మైనర్ల కోసమే. మేజరైన మనిషి తరఫున సంతకం పెట్టాలంటే కన్నతల్లికైనా ఆ అధికారం ఎవరో ఒకరు ఇవ్వాలి. అన్నకు, బాబాయికి, మేనమామకు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇరవై ఏళ్ళుగా ఒంటిచేత్తో సాకిన తల్లి బ్యాంకులో "గార్డియన్ సర్టిఫికెట్ తెచ్చారా అమ్మా" అన్న ప్రశ్నకు బిత్తరపోయేది ఇక్కడే. నా కొడుక్కి నేను గార్డియన్ కాకపోతే ఎవరు బాబూ అంటుంది. ఆవిడ ప్రశ్న న్యాయమైనదే. జవాబు మాత్రం ఆవిడ అనుకున్నది కాదు.

1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఈ ఖాళీ పూడ్చడానికే వచ్చింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవాళ్ళకు అది వర్తిస్తుంది. జిల్లాలో లోకల్ లెవల్ కమిటీ అని ఒకటి ఉండాలి. అందులో కలెక్టర్ హోదాకు తగ్గని అధికారి, ట్రస్టు దగ్గర రిజిస్టరైన సంస్థ ప్రతినిధి ఒకరు, వికలాంగులు ఒకరు. మూడు నెలలకు ఒకసారైనా ఆ కమిటీ కూర్చోవాలి. తల్లిదండ్రులు గానీ బంధువులు గానీ ఆ కమిటీకి దరఖాస్తు పెట్టుకుని, తమకు నమ్మకమున్న ఎవరినైనా గార్డియన్‌గా వేయమని అడగొచ్చు. ఎవరినైనా అంటే రక్తసంబంధం అక్కర్లేదు. ఎదురింటి టీచరు కావచ్చు, రిటైరైన పోస్టుమాస్టరు కావచ్చు. చట్టం ఇరవై అయిదేళ్ళ కిందటే పైమనిషికి తలుపు తెరిచింది. అడ్డం కూర్చున్నది మనం.

"అయినోలుండగా" అనే పెద్దలకు నాది ఒకటే ప్రశ్న. మీలో ఎంతమంది ఆ దరఖాస్తు పెట్టారు? పెట్టకపోతే ఆ మనిషి విషయంలో చట్టం ముందు మీకూ దారినపోయే దానయ్యకూ తేడా ఏమీ లేదు.

2. తినడానికి ఎక్కువ కారణం ఎవరికుంది?

పైవాడు ఆస్తి కోసం వస్తాడట. ఈ మాట అనేవాళ్ళు పక్కనే ఉన్న ఇంకో సంగతి చూడటం లేదు. మంచంలో ఉన్న మనిషి పోతే ఆ అరెకరం జీడితోట ఎవరికి వస్తుంది? వాలంటీరుగా వచ్చిన మాస్టారికి ఒక్క సెంటు రాదు. వచ్చేది వారసులకే. ఆ మనిషికి పెట్టే ప్రతి రూపాయీ వారసుడి చేతికి రాబోయే దాంట్లోంచి తరిగే రూపాయి. బంధువులంతా దుర్మార్గులని దీని అర్థం కాదు. నూటికి తొంభైమంది ఆ లెక్క మనసులోకి కూడా రానివ్వరు. అయితే స్వార్థానికి అవకాశం ఎవరికుందో చూసి అనుమానించాలన్నది మీ సూత్రమే కదా, దాన్ని మీకే వర్తింపజేస్తే వేలు తిరిగేది ఇంటి లోపలికి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టానికి ఈ సంగతి తెలుసు. ఆస్తి విషయంలోనో డబ్బు విషయంలోనో తోడ్పడే మనిషికీ వికలాంగుడికీ ప్రయోజనాలు ఎదురెదురైతే, తోడ్పడేవాడు ఆ వ్యవహారం నుంచి తప్పుకోవాలని 13వ సెక్షన్‌లో రాసింది. మన ఊళ్ళో పంపకాలప్పుడు అలా తప్పుకున్న అన్నగారిని ఎవరైనా చూశారా?

పంపకాలంటే గుర్తొచ్చింది. పుట్టుకతో మతి లేనివాడికి వాటా లేదన్నది పాత హిందూ న్యాయం. 1928లో వచ్చిన చట్టం కుంటివాళ్ళ మీద, గుడ్డివాళ్ళ మీద ఉన్న అనర్హతలు తీసేసింది గానీ, పుట్టుకతో మతి లేనివాళ్ళను అలాగే వదిలేసింది. 1956 హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్‌తో అదీ పోయింది. ఏ రోగమూ ఏ వైకల్యమూ వారసత్వానికి అడ్డు కాదు. చట్టం మారి డెబ్భై ఏళ్ళు కావస్తున్నా అరుగు మీది తీర్పు ఇంకా 1928 దగ్గరే ఉంది: "ఆడికేటి తెలుస్తాది, ఆడికెందుకు వాటా, మేం సూసుకుంటాం గదా." ఆ మాట మీద వేలిముద్ర వేయించి హక్కు విడుదల కాగితం రాయించేస్తారు. తాను ఏం చేస్తున్నాడో గ్రహించలేని మనిషి చేసుకున్న ఒప్పందం చెల్లదని 1872 కాంట్రాక్టు చట్టమే చెబుతోంది. చెల్లదని కోర్టులో నిలబడి అనాల్సింది ఎవరు? వేలిముద్ర వేసినవాడికి నోరు లేదు. వేయించినవాళ్ళకు అవసరం లేదు. ఆ ఒక్క వాక్యం పలకడానికే ఇంటికి చెందని మనిషి ఒకరు కావాలి.

రక్తసంబంధమే రక్షణ అన్నది పరీక్షకు నిలిచే మాటేనా? జపాన్‌లో 2000లో పెద్దల గార్డియన్‌షిప్ చట్టం మొదలైనప్పుడు గార్డియన్లలో నూటికి తొంభైమంది బంధువులే. ఈ మధ్య ఏటా కోర్టులు నియమించేవాళ్ళలో బంధువులు నూటికి ఇరవై లోపుకు దిగారు. దానికి కారణాలు చాలా ఉన్నాయి, ఒక్కటి మాత్రం చెబుతాను. గార్డియన్లు సొమ్ము కాజేసిన కేసులు బయటపడటం మొదలయ్యాక, వాటిలో ఎక్కువ భాగం బంధువులవేనని తేలింది. లాయర్లు తిన్నవీ ఉన్నాయి, దాచనక్కర్లేదు. అమెరికాలో బ్రిట్నీ స్పియర్స్ అనే పాటగత్తె వ్యవహారం మన పిల్లలకు కూడా తెలుసు. 2008 నుంచి 2021 దాకా ఆవిడ జీవితం మీద కోర్టు పెట్టిన పెత్తనంలో ముఖ్యుడు ఎవరు? కన్నతండ్రి.

కంచే చేను మేసిన కథలు చెప్పి పైవాణ్ణి తరిమేవాళ్ళు, ఆ కంచె ఎవరు వేసిందో కూడా చెప్పాలి.

3. "ఆస్తి లేనోడికి గార్డియనెందుకు?"

ఇది రెండో అంచె వాదన. సరే, పొలం ఉన్నవాళ్ళ సంగతి వేరు, కూలినాలి చేసుకునే ఇంట్లో మతిలేని పిల్లకు గార్డియన్ ఏమిటి, కలెక్టరాఫీసు ఏమిటి, ఇదంతా డబ్బున్నోళ్ళ గొడవ అని.

లెక్క చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి వికలాంగ పింఛను నెలకు 6,000 రూపాయలు. పక్షవాతంతో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000. మొదటిది ఏడాదికి 72,000. రెండోది లక్షా ఎనభై వేలు. రోలుగుంటలో ఆస్తి లేదంటున్న మనిషి పేరు మీద ఏటా చేరుతున్న సొమ్ము ఇది. ఈ సొమ్ముకు జమాఖర్చు రాసే పుస్తకం ఏ ఇంట్లో ఉంది? అడిగే హక్కు ఎవరికుంది?

ఒకటో తారీఖు పొద్దున వరండాలో చూడండి. సచివాలయం ఉద్యోగి మెషీను పట్టుకుని వస్తాడు. ముడుచుకుపోయిన వేళ్ళను వదిన ఒక్కొక్కటిగా విప్పుతుంది, తడిగుడ్డతో బొటనవేలు తుడుస్తుంది, గాజు మీద ఒత్తుతుంది. పట్టదు. మళ్ళీ తుడుస్తుంది. ఈసారి చూపుడువేలు. పట్టింది. నోట్లు లెక్కపెట్టి ఉద్యోగి ఆ ముడుచుకున్న చేతిలోనే పెడతాడు, ఫోటో తీసుకుంటాడు. ఫోటో అయిన మరుక్షణం నోట్లు వేరే చేతిలోకి మారతాయి. అక్కడితో ప్రభుత్వం బాధ్యత తీరింది. ఆ చేతినుంచి అవి మందుల షాపుకు వెళ్ళాయా, బెల్టు షాపుకు వెళ్ళాయా అన్నది ఎవరి రికార్డులోనూ ఉండదు. ఆ వదిన దొంగ అని నేననడం లేదు. ఆమె నిజాయితీని రుజువు చేసుకునే కాగితం కూడా ఆమె దగ్గర లేదంటున్నాను. రేపు ఆడపడుచు వచ్చి "మా తమ్ముడి డబ్బులు తినేస్తున్నావు" అంటే ఆమె ఏం చూపిస్తుంది?

నేషనల్ ట్రస్ట్ చట్టం కింద గార్డియన్ అయినవారు ఆరు నెలల్లోగా ఆ మనిషికి ఉన్న ఆస్తిపాస్తులు, రావలసినవి, ఇవ్వవలసినవి జాబితా రాసి కమిటీకి ఇవ్వాలి. ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లోగా వచ్చింది ఎంత, పోయింది ఎంత, మిగిలింది ఎంత అని లెక్క చూపాలి. హింసించినా, పట్టించుకోకపోయినా, సొమ్ము కాజేసినా తీసేయమని తల్లిదండ్రులు, బంధువులు, రిజిస్టరైన సంస్థ ఫిర్యాదు చేయొచ్చు. అంటే చట్టబద్ధమైన పైవాడి మీద మూడు కళ్ళుంటాయి. చట్టం ఊసే లేని అయినవాడి మీద ఎన్నున్నాయి?

2025లో ప్రభుత్వం వికలాంగ పింఛనుదారులను మళ్ళీ వైద్య పరీక్షలకు పిలిచింది. వైకల్యం శాతం తగ్గిందని చాలామందికి నోటీసులొచ్చాయి, అప్పీలు చేసుకోమన్నారు. నోటీసు చదవలేని మనిషి, చదివినా అర్థంకాని మనిషి, అర్థమైనా నర్సీపట్నం ఆస్పత్రి దాకా తనంతట తాను వెళ్ళలేని మనిషి అప్పీలు ఎలా చేసుకుంటాడు? అన్నకు ఆ వారం చెరకు కోత. మేనల్లుడు హైదరాబాద్‌లో. ఇక ఆర్ల పంచాయతీ కొండమీది గూడేల సంగతి: జ్వరమొచ్చిన మనిషిని డోలీ కట్టి దించడమే పేపర్లో వార్త అవుతున్న చోట, మాటరాని మనిషి కోసం ఫారాలు పట్టుకుని అనకాపల్లి కలెక్టరేటుకు తిరిగేదెవరు? గార్డియన్ అవసరం ఆస్తి పెరిగేకొద్దీ పెరుగుతుందనుకోవడం తలకిందుల లెక్క. ఉన్నవాడికి ప్లీడరు ఉంటాడు, ఆడిటరు ఉంటాడు. లేనివాడికి ఒక మనిషి కావాలి.

ఇంకో మాట. చేతకాని మనిషి ఆస్తిని సంబంధం లేని మూడోమనిషి చూడటం మన గడ్డకు కొత్తేమీ కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1902 నాటి కోర్ట్ ఆఫ్ వార్డ్స్ చట్టం ఉండేది. మైనర్ జమీందారుకో, మతి చలించిన జమీందారుకో సర్కారే గార్డియనై శిస్తులు వసూలు చేసి, అప్పులు తీర్చి, ఎస్టేటు కాపాడేది. ఉత్తరాంధ్ర జమీందారీలకు ఆ రుచి బాగా తెలుసు. అప్పుడు "అయినోలుండగా" అని ఎవరూ అనలేదు. ఎస్టేటు ఉన్నవాడికి పైమనిషి పరిపాలన అయింది, పింఛను ఉన్నవాడికి పైమనిషి దొంగ అయ్యాడు!

4. "జీపీఏ రాయించేసుకున్నాం, సరిపోద్ది"

సరిపోదు. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) అంటే ఒకరి తరఫున ఇంకొకరు వ్యవహరించే అధికారం. ఇచ్చినవాడి మతి స్థిమితం తప్పిన క్షణాన అది ముగిసిపోతుంది. కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్. అవసరం సరిగ్గా ఎప్పుడు మొదలవుతుందో అప్పుడే జీపీఏ చచ్చిపోతుంది. బ్యాంకు నామినీ సంగతి ఇంకా తేలిక: ఖాతాదారు పోయాక డబ్బు అందుకునేవాడు నామినీ, బతికుండగా కాదు. ఈ రెండింటి మీద ధైర్యంగా కూర్చున్న కుటుంబాలకు నిజం తెలిసేది ఆస్పత్రి బిల్లు కట్టాల్సిన రోజున.

5. "ఊరికే ఎవడు చేస్తాడండీ?"

అన్నిటికన్నా చులకనగా విసిరే మాట ఇది. లాభం లేనిదే ఎవడూ ముందుకు రాడు, వచ్చాడంటే లోపల ఏదో ఉంది.

అరుణా షాన్‌బాగ్‌ను ఎవరు చూశారు? 1973 నవంబరు 27న ముంబై కేఈఎం ఆస్పత్రిలో దాడికి గురై మెదడు దెబ్బతిన్న నర్సు ఆవిడ. తల్లిదండ్రులు పోయారు, దగ్గరి చుట్టాలు రావడం మానేశారు. 2015 మే 18న పోయేదాకా, దాదాపు నలభై రెండేళ్ళు, ఆ ఆస్పత్రి నర్సులే చూశారు. ఆవిడను చూడకుండానే ఉద్యోగంలో చేరిన కొత్త నర్సులు కూడా వంతులవారీగా ముద్ద కలిపి పెట్టారు, ఒంటికి పుండ్లు పడనివ్వలేదు. 2011 మార్చిలో సుప్రీంకోర్టు ఆవిడ తరఫున మాట్లాడే అర్హత ఎవరిదన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఆ అర్హత కేఈఎం సిబ్బందిదే అంది. రక్తం ప్రసక్తే లేదు. చూసినవాళ్ళే అయినవాళ్ళు అన్నంత పని చేసింది దేశపు పెద్దకోర్టు. ఆ నర్సుల్లో ఎవరు ఏ పొలం రాయించుకున్నారు?

బయటికి వెళ్తే ఇది వింతే కాదు. జర్మనీలో 1992 నుంచి కోర్టు ముందు వెతికేది జీతం తీసుకోని మనిషినే. అలాంటివాళ్ళు దొరక్కపోతేనే వృత్తిగా చేసేవాళ్ళను వేస్తుంది. దారి ఖర్చులకు ఏటా కొంత ఇస్తుంది. జపాన్‌లో మునిసిపాలిటీలే ఊరివాళ్ళకు శిక్షణ ఇచ్చి పౌర గార్డియన్లుగా తయారు చేస్తున్నాయి. ఊరికే చేసేవాళ్ళు అక్కడ పుట్టి ఇక్కడ పుట్టకపోవడానికి మన నీళ్ళలో ఏమైనా లోపముందా? జిల్లా న్యాయసేవల సంస్థల కింద పారాలీగల్ వాలంటీర్లు ఏళ్ళుగా ఊళ్ళు తిరుగుతూనే ఉన్నారు కదా.

వాలంటీరు అనగానే మన రాష్ట్రంలో మొహాలు మారతాయి, ఆ సంగతి నాకూ తెలుసు. 2019లో మొదలైన వ్యవస్థ మీద జరిగిన రాజకీయం ఆ మాటకే రంగు పూసేసింది. ఆ తగాదాతో నాకు ఇక్కడ పనిలేదు. ఏ పార్టీ వేసిన మనిషైనా, వేయని మనిషైనా, ఏటా లెక్క చూపించే గార్డియన్‌కు పార్టీ ఏమిటన్నది రెండో ప్రశ్న.

చట్టాలు ఇప్పటికే పైమనిషిని నమ్మిన చోట్లు ఎన్నో చూడండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మేజరైన ఎవరైనా తెల్లకాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో వేసి తనకు నచ్చిన మనిషిని ప్రతినిధిగా పెట్టుకోవచ్చు. ఆ మనిషి చుట్టం కానక్కర్లేదు. 2007 వృద్ధుల సంక్షేమ చట్టం కింద, తానుగా అడగలేని ముసలివారి తరఫున స్వచ్ఛంద సంస్థ ట్రిబ్యునల్ గడప ఎక్కవచ్చు. పార్లమెంటు నమ్మిన పైమనిషిని అరుగు నమ్మదు. నమ్మకపోతే నమ్మకపోనివ్వండి, తాను చూస్తుందా అంటే అదీ లేదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

6. ఒక గట్టి అభ్యంతరం

ఇంతవరకూ చెప్పినవి అరుగు మీది మాటలు. వికలాంగ హక్కుల ఉద్యమం నుంచి వచ్చే అభ్యంతరం వీటికన్నా బరువైనది. గార్డియన్‌షిప్ అనేదే ఒక మనిషిని చట్టం దృష్టిలో చంపేయడం అంటారు వాళ్ళు. భారతదేశం 2007 అక్టోబరు 1న ఆమోదించిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం ప్రకారం, ఎంత వైకల్యం ఉన్నా మనిషికి చట్టపరమైన హోదా అందరితో సమానం. అతని బదులు నిర్ణయించకూడదు, నిర్ణయించుకోవడానికి తోడ్పడాలి.

ఈ మాటకు నేను తల వంచుతాను. సర్వాధికారాలూ గుత్తగా ఒకరి చేతిలో పెట్టే గార్డియన్ నాకూ వద్దు. 2016 చట్టం 14వ సెక్షన్ కూడా అదే దారిలో నడిచి పరిమిత గార్డియన్ అంటోంది: ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికి, ఆ మనిషితో మాట్లాడుతూ కలిసి తీసుకునే నిర్ణయం. 2009లో చండీగఢ్ కేసులో సుప్రీంకోర్టు ఇదే సూత్రం నిలబెట్టింది. ప్రభుత్వ ఆశ్రమంలో అత్యాచారానికి గురై గర్భవతైన, బుద్ధి కొంత తక్కువున్న యువతి బిడ్డను కంటానంది. ఆమెకు గర్భస్రావం చేయించాలని అధికారులు పట్టుబట్టారు. ఆమె మాటే చెల్లుతుందని కోర్టు అంది.

ఈ సూత్రాన్ని పట్టుకుని రోలుగుంటకు రండి. "గార్డియన్ వద్దు" అంటే ఇక్కడ జరిగేది ఏమిటి? ఆ మనిషి స్వేచ్ఛగా తన నిర్ణయాలు తాను తీసుకోడు. కాగితం లేని గార్డియన్, పేరు లేని గార్డియన్, ఇంటి పెద్ద అనే గార్డియన్ యథాప్రకారం అన్నీ నిర్ణయిస్తూ ఉంటాడు. ఆ పిల్లకు ఆపరేషన్ చేయించాలా, ఆశ్రమానికి పంపాలా, గొలుసు వేసి కట్టేయాలా అన్నీ. హక్కుల వాదులు ఓడించింది కాగితాన్నే, పెత్తనాన్ని కాదు. ఆ మనిషి ఇష్టం కనుక్కో, అడిగి చెయ్యి, చేసింది రాయి అని పెత్తనం మీద షరతులు పెట్టగలిగేది కాగితమే. ఆడమనిషి ఒంటరి మగవాడి గార్డియన్‌షిప్‌లోకి వెళ్ళకూడదని, మగవాడైతే భార్యతో కలిసే ఉండాలని, ఆవిడదే పైచేయి కావాలని నేషనల్ ట్రస్ట్ నిబంధనలు రాశాయి. ఇంటి పెద్ద అనే గార్డియన్‌కు ఈ నిబంధన ఎవరు చెప్పారు?

7. అయితే ఏం చేయాలి?

చట్టం తప్పులు లేనిది కాదు, దాన్ని వెనకేసుకురావడం నా పని కాదు. తల్లిదండ్రులు లేని మనిషి కోసం ఊరి టీచరు తానుగా కమిటీ ముందు దరఖాస్తు పెట్టే దారి నేరుగా లేదు. ఎవరో బంధువు అడగాలి, లేదా రిజిస్టరైన సంస్థ అడగాలి. అలాంటి సంస్థలు పట్నాల్లో ఉంటాయి, రావికమతం, రోలుగుంటల్లో ఎక్కడ? కోమాలో ఉన్నవాళ్ళ సంగతి మరీ అన్యాయం. వాళ్ళకు ఏ చట్టమూ వర్తించదు, హైకోర్టులో రిట్ వేయాలి. 2019లో కేరళ హైకోర్టు శోభా గోపాలకృష్ణన్ కేసులో దానికి ఒక పద్ధతి గీసింది: మెడికల్ బోర్డు పరీక్ష, తహసీల్దారుకు తగ్గని అధికారి విచారణ, ఆరు నెలలకోసారి గార్డియన్ నివేదిక, తగిన చుట్టం లేకపోతే సంక్షేమ శాఖ అధికారి. మంచి పద్ధతే, అయితే రోలుగుంట నుంచి అమరావతి దాకా వెళ్ళి రిట్ వేసే స్తోమత మంచంలో ఉన్న ఎంతమందికి ఉంటుంది? 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టంలో మానసిక రోగి ఆస్తికి మేనేజరును వేసే అధికారం జిల్లా కోర్టుకు ఉండేది. 2018లో కొత్త చట్టం అమల్లోకి వచ్చి ఆ అధ్యాయాన్నే ఎత్తేసింది, బదులేమీ పెట్టలేదు. దిద్దుబాటు పార్లమెంటు చేతిలో ఉంది.

జిల్లా చేతిలో ఉన్నవి వేరే. అనకాపల్లి 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా అయింది, కలెక్టరు దగ్గరయ్యారు. కమిటీ సమావేశం మూడు నెలలకోసారి నర్సీపట్నం డివిజన్ కేంద్రంలో పెట్టడానికి ఏ చట్టసవరణా అక్కర్లేదు. వైకల్య సర్టిఫికెట్లిచ్చే సదరం క్యాంపుకు వచ్చిన ప్రతి మేజర్ వికలాంగుడి ఇంటివాళ్ళకు అక్కడే గార్డియన్ ఫారం ఇచ్చి నింపించవచ్చు. మండలానికి పదిమంది చొప్పున రిటైర్డు టీచర్లు, నర్సులు, అంగన్‌వాడీలో పనిచేసి దిగినవాళ్ళ జాబితా తయారుచేసి, పోలీసు విచారణ జరిపించి, న్యాయసేవల సంస్థతో శిక్షణ ఇప్పించవచ్చు. ఒక్కొక్కరికి ఇద్దరిని మించి అప్పగించకూడదు. ఆ మనిషికి వారసుడయ్యే అవకాశమున్న ఎవరూ డబ్బు లెక్కలకు ఒంటరి గార్డియన్ కాకూడదు, పక్కన జాబితాలోని మనిషి ఒకరుండాలి. లెక్క పుస్తకం పెద్ద గ్రంథమేం కాదు. ఏప్రిల్: పింఛను ఇంత, మాత్రలు ఇంత, డైపర్లు ఇంత, ఫిజియోథెరపీకి ఆటో ఇంత, మిగిలింది ఖాతాలో ఇంత. పాలవాడి ఖాతా రాసే చేతికి ఇది కష్టం కాదు.

ఇంటివాళ్ళే ముందు దరఖాస్తు పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. చాకిరీ చేస్తున్న వదినకే ఆ సర్టిఫికెట్ రావడం అందరికన్నా న్యాయం. ఏడాదికోసారి ఆమె లెక్క చూపిస్తే రేపు ఆమె మీద ఆడపడుచు వేలెత్తలేదు. తల్లి బతికుండగానే, తాను పోయాక ఎవరన్నది కమిటీ ముందు చెప్పి రాయించుకుంటే "నా తర్వాత వీడి గతేటి" అన్న దిగులు సగం తీరుతుంది. ఇవేవీ చేయరు, చేయమని అడిగినా వినరు, పింఛను రోజున మాత్రం వరండాలో హాజరవుతారు అనుకోండి. అలాంటి చోట జాబితాలోంచి ఒక పైమనిషి వచ్చి ఏ సంస్థ ద్వారానో దరఖాస్తు పెడితే, "నువ్వెవరు" అని అడిగే హక్కు మీకు లేదు. కమిటీ ముందు అభ్యంతరం చెప్పుకోండి, చట్టం ఆ అవకాశం మీకిచ్చింది. వెళ్ళేటప్పుడు గత ఏడాది జమాఖర్చు పట్టుకెళ్ళండి.